ఆడ, మగ చెప్పి బోడ కాకర గడ్డలు అమ్మే నర్సరీ – ములుగు రోడ్డు, వరంగల్

బోడ కాకర వేసేవాళ్ల పైసలు తెగులుకో పురుగుకో పోవడం తక్కువ. మొక్క కొన్న రోజే పోతాయి, ఆ సంగతి పూత వచ్చేదాకా తెలియదు. అందుకే ఈ రివ్యూ కొంచెం పొడుగ్గా రాస్తున్నా, గడ్డలు కొనే ఆలోచన ఉంటే చివరిదాకా చదవండి.

వరంగల్ నుంచి ములుగు వైపు పోతుంటే పైడిపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం దాటాక రోడ్డు పక్కనే ఉంటుంది ఈ నర్సరీ. బోర్డు లేదు, ఆకుపచ్చ షేడ్‌నెట్, దాని ముందు కరివేపాకు మొక్కల వరస చూసి ఆగాలి. ఒక అన్న, వదిన, అన్న వాళ్ల అమ్మ కలిసి నడుపుతారు. ఎక్కువగా పోయేది మిర్చి, టమాట, వంగ ట్రే నారు. వానాకాలం ముందు మాత్రం బోడ కాకర గడ్డలు పెడతారు. ఆడ గడ్డ 40 రూపాయలు, మగ గడ్డ 20. బయట కవర్ మొక్క 15కో 20కో దొరుకుతుంటే ఇంత రేటేంటని చాలామంది వెనక్కి పోవడం చూశాను. నన్నడిగితే ఈ 40 రూపాయలే చవక.

ఎందుకంటే బోడ కాకరలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. మామూలు కాకర, బీర, సొర, గుమ్మడి, వీటన్నిట్లో ఒకే తీగకు మగ పూలూ ఆడ పూలూ వస్తాయి కాబట్టి ఏ గింజ వేసినా ఎన్నో కొన్ని కాయలు చేతికొస్తాయి. బోడ కాకర అట్లా కాదు, గింజ నుంచి వచ్చిన మొక్కల్లో దాదాపు సగం మగవే ఉంటాయి, మగ తీగకు ఎంత ఎరువు వేసినా ఒక్క కాయ కూడా రాదు. మొలకప్పుడు, తీగ సాగేటప్పుడు, ఆకు చూసి ఏది ఏదో చెప్పలేం. పూత వస్తేనే తెలుస్తుంది, అప్పటికి పందిరి ఖర్చు, కూలి ఖర్చు, సగం సీజన్ అయిపోయి ఉంటాయి. పైగా గింజ పెంకు గట్టిది, నెలల తరబడి మొలవకుండా పడి ఉంటుంది, ఆన్‌లైన్‌లో పది గింజల ప్యాకెట్లు కొన్నవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు.

నేను అంతకుముందు వేరేచోట కవర్ మొక్కలు కొన్నాను, అవి గింజ మొక్కలని అమ్మినాయన చెప్పలేదు. సగానికి పైగా మగవి తేలాయి. పోయి అడిగితే నీళ్లు ఎక్కువ పెడితే మగవి అవుతాయని సమాధానం. ఇది పచ్చి అబద్ధం, దీన్ని నమ్మి తడి తగ్గించి తీగల్ని ఎండబెట్టుకున్న రైతులు ఉన్నారు కాబట్టి గట్టిగా చెప్తున్నా. దోస, సొర లాంటివాటిలో ఎండ, పగటి పొడవు, మొక్క బలం బట్టి ఒకే తీగ మీద ఆడ పూలు, మగ పూలు ఎన్నెన్ని అన్న లెక్క అటూ ఇటూ మారుతుంది, అది నిజమే. బోడ కాకరలో ఏ తీగ ఏదన్నది పుట్టుకతో వచ్చేది. నీళ్లు తగ్గించినంత మాత్రాన మగ తీగ ఆడది కాదు.

ఈ నర్సరీ వాళ్లు చేసే పని చూడండి. ముందటి ఏడాది వానాకాలంలో తీగలు పూత మీద ఉన్నప్పుడే ఒక్కో తీగ మొదట్లో గుడ్డ పీలిక కడతారు, ఆడదానికి ఎర్రది, మగదానికి తెల్లది. ఈ పని మొత్తం పెద్దమ్మదే, అంటే అన్న వాళ్ల అమ్మదే, ఆమె పువ్వును చేత్తో తిప్పి కూడా చూడదు, దూరం నుంచే చెప్పేస్తుంది. చలికాలానికి తీగ పైన ఎండిపోతుంది, గడ్డ మాత్రం భూమిలో బతికే ఉంటుంది. వేసవిలో ఆ పీలికలను బట్టి గడ్డలు తవ్వి, ఆడవి ఒక గంపలో, మగవి ఒక గంపలో ఇసుకలో వేసి పెడతారు. ఆడ తీగ గడ్డ నుంచి మొలిచేది మళ్లీ ఆ ఆడ తీగే, గింజలో లాగా తల్లీ తండ్రీ కలిసిన కొత్త మొక్క కాదు. అందుకే గడ్డతో మోసం ఉండదు, గుర్తు పెట్టినవాళ్లు సరిగ్గా పెట్టి ఉంటే చాలు.

నేను 27 ఆడ, 3 మగ తీసుకున్నా. ఆడవని ఇచ్చినవాటిలో రెండు మగవి తేలాయి. పీలిక జారి పక్క తీగది కలిసిపోయి ఉంటుందని వాళ్లే ఒప్పుకున్నారు, తర్వాతి సీజన్‌కి రెండు ఆడ గడ్డలు పైసలు తీసుకోకుండా ఇచ్చారు. ముప్పైలో రెండంటే నాకు అభ్యంతరం లేదు. ఫోటో అడగలేదు, వాదించలేదు, అది నాకు చాలా నచ్చింది.

ఇక్కడ కొంచెం లోపలి సంగతి చెప్పాలి. నేను హన్మకొండలో జూనియర్ కాలేజీలో బాటనీ చెప్తాను, ఆత్మకూరు దగ్గర మాకు కొద్దిగా పొలం ఉంది, కాబట్టి ఈ రెండూ కలిసే విషయం వస్తే ఆగలేను. దోస కుటుంబంలో ఖర్బూజ, కీరా లాంటివాటిలో ప్రతి మొగ్గా మొదట్లో రెండు రకాల భాగాలతోనే మొదలవుతుంది, అంటే పుప్పొడి ఇచ్చే కేసరాల మొలకలూ ఉంటాయి, కాయగా మారే అండాశయం మొలకా ఉంటుంది. ఆ తర్వాత ఒకటి ఆగిపోతుంది. అండాశయం ఆగిపోతే మగ పువ్వు, కేసరాలు ఆగిపోతే ఆడ పువ్వు. ఎవరు ఆపుతున్నారన్నది ఫ్రాన్స్‌లో అబ్దెల్‌హఫీద్ బెందహ్‌మాన్ బృందం ఖర్బూజ మీద ఒక్కొక్కటిగా బయటపెట్టింది. 2008లో కేసరాలను ఆపే జన్యువు దొరికింది, అది ఇథిలీన్ తయారీకి కావలసిన ఎంజైమ్‌ది. మామిడికాయ మగ్గడానికి కారణమయ్యే వాయువే ఇథిలీన్, మొగ్గలో అదే వాయువు మగ భాగాన్ని ఆపుతోంది. 2009లో విప్1 అనే జన్యువు, అది అండాశయాన్ని ఎదగనివ్వదు. 2015లో ఈ విప్1 నోరు మూయించే మూడో జన్యువు దొరికింది, అదీ ఇథిలీన్ ఎంజైమ్‌దే. ఆ మూడోది పనిచేసిన మొగ్గ ఆడ పువ్వయ్యే దారి పడుతుంది, పనిచేయకపోతే విప్1 లేచి అండాశయాన్ని ఆపేస్తుంది, మగ పువ్వు అవుతుంది.

2009 నాటి పనిలో నాకు బాగా నచ్చే సంగతి ఇంకోటి ఉంది. ఖర్బూజలో అన్నీ ఆడ పూలే పూసే మొక్కలు కొన్ని ఉన్నాయి. వాటిలో విప్1 చెడిపోలేదు, దాని పక్కన ఒక జన్యు ముక్క ఎగిరొచ్చి కూర్చుంది, దానివల్ల ఈ జన్యువుకు తాళం పడింది. జన్యువులో ఒక్క అక్షరం మారకుండానే తీగ తీగంతా ఆడదైపోయింది. క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా పిల్లలు సెల్ పక్కన పెట్టేస్తారు.

దోస తీగల మీద చిన్నప్పుడే, రెండు నుంచి నాలుగు ఆకుల దశలో, ఇథిలీన్ విడుదల చేసే ఎథ్రెల్ తగు మోతాదులో కొడితే ఆడ పూలు పెరుగుతాయని అందరూ చెప్పేదానికి కారణం కూడా ఇదే. దీనికి తిరగబడిన పని వెండిది. వెండి ఇథిలీన్ మాట మొక్కకు వినపడనివ్వదు, అందుకే పరిశోధన స్థానాల్లో ఆడ బోడ కాకర తీగ మీద సిల్వర్ నైట్రేట్ కొట్టి పుప్పొడి ఉన్న పూలు పూయిస్తారు. అది విత్తనం కోసం చేసే పని, కాయ తినే తోటలో చేసేది కాదు, దయచేసి ఎవరూ ప్రయత్నించొద్దు.

ఇప్పుడు రెండో రకం మోసం. మొదటిదానికంటే ఇది ఎక్కువ బాధ పెడుతుంది. మా పక్క పొలం బాబాయి ఎవరో చెప్తే అన్నీ ఆడ గడ్డలే తెచ్చి పెట్టాడు, మగది ఎందుకు దండగ అని. తీగ బ్రహ్మాండంగా పాకింది, ప్రతి కణుపు దగ్గరా పువ్వు, పువ్వు కింద చిన్న పిందె, రెండు రోజులకు పసుపు రంగుకొచ్చి రాలిపోవడం. ఒక మందుల షాపుకు పోతే పూత రాలడానికని ఒక సీసా ఇచ్చారు, తర్వాత ఇంకో సీసా. పొలంలో మగ తీగ ఉందా అని ఒక్కరూ అడగలేదు. నా తోట నుంచి మగ పూలు తెంపుకుపోయి అంటించాక పిందెలు నిలబడ్డాయి. ఇక్కడి నర్సరీలో ఆడ గడ్డలు ఎన్ని తీసుకుంటున్నారో చూసి, మగవి ఎన్ని కావాలో వాళ్లే లెక్క చెప్తారు, ఎనిమిది పది ఆడవాటికి ఒక మగది. మగది వద్దన్నవాళ్లకు ఆడవి కూడా అమ్మకుండా వెనక్కి పంపడం నేను కళ్లారా చూశా. బేరం పోయినా సరే అన్నారు.

దొండకు మగ తీగ అక్కర్లేదు కదా, దీనికెందుకని బాబాయి అడిగాడు. మంచి ప్రశ్న. దొండలో కూడా ఆడ మగ వేరే, అంతేకాదు మనుషుల్లో లాగా ఎక్స్, వై క్రోమోజోములు ఉన్న అతి కొద్ది మొక్కల్లో అదొకటి, వై మిగతా అన్నిటికంటే పెద్దగా ఉంటుంది, వై ఉన్న తీగ మగది. కానీ మనం పెంచే దొండ తీగలు ఎప్పటినుంచో కొమ్మ ముక్కలతో నాటుకుంటూ వచ్చిన ఆడ తీగలు, వాటిలో చాలా రకాలు పుప్పొడి తగలకుండానే కాయ కట్టేస్తాయి. బోడ కాకరకు ఆ గుణం లేదు. పుప్పొడి చేరని పిందెను తీగ నిలుపుకోదు.

పుప్పొడి చేర్చడం ఎట్లాగో వదిన చూపించింది. మన అడవి రకం బోడ కాకర పూలు చీకటి పడే వేళకు విచ్చుకుంటాయి, మంచి వాసన వస్తుంది, రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులే వాటికి దిక్కు. చుట్టూ పత్తి చేలల్లో మందు కొడుతున్న రోజుల్లో ఆ పురుగులు కనిపించవు, కాబట్టి చేత్తో చేయడమే నయం. మగ పువ్వు తెంపి రేకులు వెనక్కి మడిచి, ఆడ పువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి, ఒక మగ పువ్వు నాలుగైదు ఆడ పూలకు సరిపోతుంది. మగ పువ్వును గుర్తుపట్టడం కూడా ఆమే నేర్పింది. పువ్వు కింద కాడ మీద దొప్పలా ముడుచుకున్న ఒక పెద్ద ఆకు ఉంటే మగది. ఆడ పువ్వుకు ఆ స్థానంలో మెత్తటి ముళ్లతో బుల్లి కాయ ఉంటుంది. నేను పుస్తకంలో చదివి పిల్లలకు బొమ్మ గీసే విషయాన్ని ఆమె బడి ముఖం చూడకుండానే నాకంటే వేగంగా చెప్పింది.

ఒక జాగ్రత్త. పెద్ద కాయ రకం అని కొన్నిచోట్ల అమ్మేది మన బోడ కాకర కాదు, బెంగాల్, ఒడిశా వైపు పండించే వేరే జాతి. మనదానికి 28 క్రోమోజోములు, దానికి 56. దాని పూలు పొద్దున విచ్చుకుంటాయి. రెండూ కలిస్తే పుట్టే మొక్కకు 42, అది సంతానం లేని మొక్కే అవుతుంది. మగ మొక్క ఏదైనా ఒకటే కదా అని దాన్ని తెచ్చి మనదాని పక్కన పెట్టకండి, అసలు రెండు పూల టైమే కలవదు. ఈ నర్సరీలో అడవి రకం ఒక్కటే ఉంటుంది, అడిగితే సూటిగా చెప్తారు. పేరున్న రకం కావాలంటే రాయ్‌పూర్‌లోని ఇందిరా గాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన ఇందిరా కంకోడ-1 ఉంది, కానీ వీళ్ల దగ్గర దొరకదు.

కాయ ఎట్లా ఉందంటే, లేతది, గింజ ముదరని దశలో కోస్తే పులుసులోకైనా వేపుడుకైనా మస్తు రుచి. హన్మకొండలో సీజన్ మొదట్లో కిలో 250 దాకా అమ్ముకున్నా. ఒక్క మాట, కోత ఆలస్యం చేస్తే లోపల గింజ గట్టిపడి ఎర్రగా పండుతుంది, ఎవరూ కొనరు.

వీళ్ల వంగ నారు కూడా తీసుకున్నా, గుండ్రటిది. నారు ఆరోగ్యంగా ఉంది, వేర్లు ట్రే అంతా పట్టి ఉన్నాయి, నాటాక ఒక్కటీ చావలేదు. అయినా పూత రాలుతుందని ఇక్కడికొచ్చి గొడవపడేవాళ్లు ఉంటారు, వాళ్లకోసం చెప్తా. వంగలో పూలు నాలుగు రకాలు. మధ్యలో ఉండే సన్నటి కీలం కేసరాల పైకి వచ్చేది ఒకటి, కేసరాలతో సమానంగా ఉండేది ఒకటి, లోపలే పొట్టిగా ఉండిపోయేవి రెండు. మొదటి రెండు రకాలే కాయ అవుతాయి. పొట్టి కీలం పువ్వు పేరుకు పువ్వు, పుప్పొడి ఇస్తుంది కానీ ఆడ భాగం పనిచేయదు, ఏ మందు కొట్టినా రాలిపోతుంది. ఇది కొంత రకాన్ని బట్టి, కొంత మొక్క బలాన్ని బట్టి ఉంటుంది, కాపు మీద పడి మొక్క అలిసిపోతే పొట్టివి పెరుగుతాయి. రాలిన పూలు పది తెచ్చి అరచేతిలో పెట్టుకుని చూడండి, కీలం బయటికి కనిపించకపోతే నర్సరీని తిట్టకండి, ఉన్న కాయలు వేళకు కోసి మొక్కకు ఎరువు, తడి చూసుకోండి. ఈ సంగతి నర్సరీ అన్నకు తెలియదు, ఆయన కూడా ఏదో టానిక్ చేతిలో పెడుతున్నాడు. చెప్తే విన్నాడు, అయినా ఆ టానిక్ డబ్బాలు ఇంకా టేబుల్ మీదే ఉన్నాయి. ఇది నాకు నచ్చలేదు.

అస్సలు తీసుకోవద్దని చెప్పేది కీరా నారు. పాకెట్ గింజలు తెచ్చి ట్రేలో మొలిపించి విడిగా ఒక్కోటి అమ్ముతున్నారు. బయట పొలంలో వేసే ఆడ పూల కీరా హైబ్రిడ్ ప్యాకెట్లలో మగ పూలు పూసే రకం గింజలు కొద్దిగా కలిపి ఉంచుతారు, ఆ మొత్తం కలిపి వేస్తేనే లెక్క సరిపోతుంది. నాలుగు మొక్కలు ఏరుకుపోయినవాళ్లకు ఆ మగ రకం ఒక్కటీ రాకపోవచ్చు, అప్పుడు బాబాయి బోడ కాకర కథే ఇంటి మీద కుండీల్లో కూడా జరుగుతుంది. ఇక పాలీహౌస్ రకం వేరు, అది పుప్పొడి లేకుండానే గింజ లేని కాయ కడుతుంది, దాన్ని మగ పూలు పూసే మామూలు కీరా పక్కన బయట పెడితే తేనెటీగలు పుప్పొడి మోసుకొచ్చి కాయ ఒక కొసన ఉబ్బి వంకర తిరుగుతుంది. ట్రేలో ఉన్నది ఈ రెండిట్లో ఏదని అడిగితే ఈ ఒక్క దగ్గర మాత్రం వాళ్ల దగ్గర జవాబు లేదు. బోడ కాకర గడ్డకు గుడ్డ పీలిక కట్టినవాళ్లు కీరా ట్రే మీద ప్యాకెట్ అట్ట ముక్క అంటించి పెట్టడం పెద్ద పని కాదు, పెట్టాలి.

మిర్చి నారు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, బాగుంటుంది, ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతులు చాలామంది ఇక్కడి నుంచే తీసుకుపోతారు. హైబ్రిడ్ మిర్చి నాటితే పుప్పొడి లేకుండా పోతుందేమోనని ఒకాయన భయపడుతుంటే విన్నా. అక్కర్లేదు. పుప్పొడి రాని మిర్చి మొక్కను 1958లో పీటర్‌సన్ అనే ఆయన వెలుగులోకి తెచ్చాడు, భారతదేశం నుంచి అమెరికాకు పోయిన మిర్చి రకంలోనే అది దొరికింది, దాన్ని విత్తన కంపెనీలు తల్లి మొక్కగా వాడుకుంటాయి. రైతు చేతికొచ్చే హైబ్రిడ్‌లో పుప్పొడిని తిరిగి తెచ్చే గుణం తండ్రి వైపు నుంచి వస్తుంది. పైగా మగ భాగం లేకపోయినా పక్క మొక్కల పుప్పొడి తగిలితే మిర్చికి కాయ రావొచ్చు, ఆడ భాగం చెడితే మాత్రం కాయే ఉండదు, కాబట్టి టెన్షన్ పడాల్సింది అక్కడ.

వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు. మే చివర్లో పోతే గడ్డ లావుగా, కన్ను ఉబ్బి ఉన్నవి ఏరుకోవచ్చు, జూన్ రెండో వారం వచ్చేసరికి చిన్నవే మిగులుతాయి. ఆదివారం రద్దీ ఎక్కువ, పెద్దమ్మ ఉన్నప్పుడే తీసుకోండి, గంపలు ఆమెకే సరిగ్గా తెలుసు. ఫోన్ పే ఉంది, బిల్లు ఇవ్వరు, కాగితం మీద ఆడ ఎన్ని మగ ఎన్ని అని రాయించుకుని ఆ కాగితం ఫోటో తీసి పెట్టుకోండి, మార్చి ఇచ్చేటప్పుడు పనికొస్తుంది. ఆడవి, మగవి వేర్వేరు సంచుల్లో వేయించుకోండి, ఒకే సంచిలో వేస్తే ఇంటికొచ్చాక తేడా కనిపెట్టలేరు. మగ గడ్డను పందిరి మూలన కాకుండా మధ్యలో పెట్టండి, సాయంత్రం పూలు తెంపుకోవడానికి అన్ని వరసలకూ దగ్గరగా ఉంటుంది. రెండు మీటర్ల ఎడం వదలండి, గడ్డ కొన్నేళ్లు అక్కడే ఉంటుంది.

బోడ కాకర గడ్డలకు 5కి 5. వంగ, మిర్చి నారుకు 4. కీరాకు 1.